‘చంక’ అన్న మాట ఎవరిది?

“సంతకం ఎవరు పెడతారో తేలేదాకా ఈ ఇంట్లో ఎవరూ కంచం ముట్టడానికి వీల్లేదు!” అన్నాడు బస్సాయన, తన కంచంలో రెండోసారి వడ్డించుకుంటూ.

ఊళ్ళో బస్సు నడిపి నడిపి ఆయనకి ఇంట్లో కూడా హారను ముందు మోగించి తరవాత చూడటం అలవాటైపోయింది. ఎదురుగా భార్య కత్తెరమ్మ ఖాళీ కంచం ముందు కూర్చుంది. గోడకి జారబడి నిలబడ్డ కొడుకు గోళ్ళు చూసుకుంటున్నాడు. బల్ల మీద కాలేజీ ఉత్తరం మంచినీళ్ళ చెంబు కింద పడి, ఫ్యాను గాలికి రెపరెపలాడుతోంది.

ఉత్తరంలో ఉన్నవి నాలుగైదు ముక్కలే. పేట కాలేజీలో ప్రోగ్రామింగ్ రెండో ఏడు చదువుతున్న తల్లీ కొడుకులిద్దరూ ఇచ్చిన ప్రోగ్రాములు ఒక్కటే. కాబట్టి ఎవరో ఒకరు రెండోవాళ్ళది కాపీ కొట్టారు. రేపు పదింటికి ఇద్దరూ వచ్చి ఆ కొట్టింది ఎవరో చెప్పి సంతకం పెట్టాలి. కొట్టినవాళ్ళకి ఏడాది పోతుంది. నెలాఖరుకి కొత్తవాళ్ళని ఉద్యోగాల్లోకి తీసుకోవడానికి వచ్చే కంపెనీ జాబితాలోంచి పేరు కూడా పోతుంది. ఇద్దరూ నోరు విప్పకపోతే రెండు పేర్లూ కొట్టేస్తారు.

కొట్టింది ఎవరో ఆ ఇంట్లో ముగ్గురికీ తెలుసు. తెలిసిన సంగతి మీదే సాయంత్రం నుంచి ఈ రభస.

కిందటి వారం తల్లి స్నానానికి వెళ్ళినప్పుడు, ఇద్దరూ కలిసి వాడుకునే ల్యాప్‌టాప్ తెరిచి, ఆవిడ రాసుకున్న ప్రోగ్రాం మొత్తం ఎత్తి తన పేరు మీద పెట్టేసుకున్నాడు బుడ్డోడు. ఇరవై ఒకటి దాటి, ఆరడుగులు పెరిగి, గుమ్మంలోంచి తల వంచుకుని వచ్చేవాణ్ణి ఆ ఇంట్లో ఇంకా బుడ్డోడనే పిలుస్తారు. పిలుపుకి తగ్గట్టు వాడు కూడా ఎదగడం అక్కడితో ఆపేశాడు.

“ఒప్పుకోరా,” అంది కత్తెరమ్మ. సాయంత్రం నుంచి ఆ మాట అనడం అది పదోసారి. “వెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పు. ఏడాదే కదా పోయేది.”

“నాకు ఏడాది పోతే, రెండు కాలేజీలు మానేసినవాడు మూడోది కూడా తగలేశాడంటారు. నీకు పోతే ఎవరేమంటారమ్మా? పాపం, పెద్దావిడ, ప్రయత్నం చేసిందిలే అంటారు.”

“పెద్దావిడా?”

“నలభై నాలుగు!” బస్సాయన అందించాడు, స్టాపు పేరు చెప్పినట్టు.

కత్తెరమ్మ అన్నది ఆవిడ పేరు కాదు. బట్టల ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్ళు కటింగ్ బల్ల దగ్గర పనిచేస్తే వచ్చిన పిలుపు. చెయ్యి వణక్కుండా నలభై పొరల గుడ్డ ఒక్క ఊపున కత్తిరించేది. ఒకరోజు ఆ బల్ల తీసేసి అక్కడ యంత్రం పెట్టారు. యంత్రం పక్కన కుర్చీలో ఒక పిల్ల కూర్చుని తెర మీద ఏవో అంకెలు కొడితే చాలు, గుడ్డ దానంతటదే తెగుతోంది. ఉద్యోగం పోయిన రోజున అందరూ ఏడుస్తుంటే కత్తెరమ్మ ఆ పిల్ల దగ్గరికెళ్ళి, “నువ్వేం చదివావమ్మా?” అని అడిగింది. “పేట కాలేజీలో రెండేళ్ళు చదివానండీ,” అందా పిల్ల. మర్నాడే కత్తెరమ్మ వెళ్ళి అందులో చేరిపోయింది. ఊరికే ఇంట్లో కూర్చున్నాడు కదా, తోడుగా ఉంటాడని కొడుకుని కూడా చేర్పించింది. తోడు రావడమంటే క్లాసులో వెనక బల్ల మీద నిద్రపోవడమని వాడు అనుకున్నాడు.

“అది సరే గానీ, పేర్లన్నీ మార్చేశానన్నావు కదరా, మరెలా పట్టుకున్నారు?” బస్సాయనకి హఠాత్తుగా అనుమానం వచ్చింది.

“మార్చాను నాన్నా. అమ్మ ‘కొలత’ అనీ ‘వరస’ అనీ ఇంగ్లీషు అక్షరాల్లో ఏవేవో రాసుకుంది. అవన్నీ తీసేసి మంచి పేర్లు పెట్టా. ఒక్కటి వదిలేశా.”

“ఏంటది?”

“చంక.”

“ఏంటీ?”

“చంక నాన్నా. ఇంగ్లీషులో రాసేసరికి నేను ‘చాంకా’ అని చదివా. అదేదో కంప్యూటర్ సొంత మాట అనుకున్నా. అలాంటివి మారిస్తే ప్రోగ్రాం ఆగిపోతుందని ఎవరో చెప్పార్లే. అందుకని ముట్టుకోలేదు. ఏడు చోట్ల ఉంది.”

బస్సాయన ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగాడు. ఆయన భుజాలు కదలడం మొదలైంది. “చాంకా! ఒరే, అందుకేరా నీ చదువు చంక నాకిపోయింది!” అంటూ పగలబడి నవ్వి, పొలమారి, చెంబెత్తి నీళ్ళు తాగాడు. ఉత్తరం ఎగిరి కింద పడింది. బుడ్డోడు కూడా నవ్వేశాడు. కత్తెరమ్మ పెదాలు కూడా ఓ క్షణం వంకర పోయాయి. అలా నవ్వొచ్చినందుకే ఆవిడకి ఒళ్ళు మండింది.

“చాంకా కాదురా, చంక!” బల్ల మీద చెయ్యి వేసి లేచింది. “నీ రెండు చేతుల్లో రెండు గుడ్డలున్నాయి. కుడి చేతిలోది ఎడమకీ, ఎడమ చేతిలోది కుడికీ రావాలి. ఎలా మారుస్తావు? ఒకటి చంకలో పెట్టుకుంటే గానీ చెయ్యి ఖాళీ అవదు. ఆ చేత్తో రెండోది అందుకుని, తరవాత చంకలోది తీసి ఖాళీ అయిన చేతిలో పెట్టుకోవాలి. కంప్యూటర్‌కీ అంతే. రెండు అంకెలు ఒకదాని చోట్లోకి ఒకటి వెళ్ళాలంటే, ఒకదాన్ని కాసేపు దాచడానికి మూడో చోటు కావాలి. మేడమ్ దానికి ఏదో ఇంగ్లీషు పేరు చెప్పింది. నాకు చంక అంటేనే అర్థమైంది. అది నా మాట. నేను పెట్టుకున్న పేరు!”

బుడ్డోడు నవ్వు ఆపి, గోడ వదిలి, రెండు చేతులూ ముందుకు చాపి చూసుకున్నాడు. “ఓహో, అదా సంగతి,” అన్నాడు. రెండేళ్ళలో వాడు ఒక పాఠం అంత శ్రద్ధగా వినడం అదే మొదలు. ముందే తిట్లతో కలిపి చెప్పి ఉంటే బాగుపడేవాడేమో అనిపించింది తల్లికి.

బస్సాయన చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. గొంతు తగ్గించాడు. ఆయన అరిచినప్పుడు భయం లేదు గానీ, గొంతు తగ్గిస్తేనే కత్తెరమ్మకి గుండెల్లో రాయి పడుతుంది.

“చూడవే. నీకు రేపు ఉద్యోగం వచ్చినా ఎన్నాళ్ళు చేస్తావు? వాడికి నలభై ఏళ్ళ సర్వీసుంది.”

“నాకు పదహారేళ్ళుంది.”

“పదహారు నలభై కంటే ఎక్కువా?”

“నావి కదండీ.”

“ఏంటో నీది! తల్లివేనా నువ్వు? కన్నకొడుకు కంటే ఎక్కువైపోయిందా ఆ చదువు?”

దానికి ఆవిడ దగ్గర జవాబు లేక కాదు. ఉన్న జవాబు చెప్పడానికి సిగ్గేసింది. ఆ ఉద్యోగం ఆవిడకి కావాలి. యంత్రం పక్కన ఆ పిల్ల కూర్చున్నటువంటి కుర్చీలో కూర్చోవాలని, రెండేళ్ళుగా కాలేజీకి వెళ్ళే దారి పొడుగునా తలుచుకుంటూనే ఉంది. తనకోసం తను ఇంతగా ఏదీ కోరుకోలేదు. కోరుకుంటే ఇలా అడ్డంగా ఒక బిడ్డ నిలబడతాడని తెలియక కోరుకుంది.

ఏమీ అనకుండా కంచాలు తీసింది. మౌనం అర్ధాంగీకారం అంటారు. ఆ ఇంట్లో ఆవిడ మౌనాన్ని పూర్తి అంగీకారంగా లెక్కేసుకోవడం పెళ్ళైన నాటి నుంచీ ఉన్నదే.

“అమ్మ ఒప్పుకుందిరా, పోయి పడుకో,” అన్నాడు బస్సాయన.

* * *

పొద్దున్నే బుడ్డోడి చొక్కా ఇస్త్రీ చేసింది కూడా ఆవిడే. వాడు తల దువ్వుకుని, తండ్రి బెల్టు పెట్టుకుని, పెళ్ళిచూపులకి వెళ్ళేవాడిలా తయారయ్యాడు.

కాలేజీ ఇంటి నుంచి నడిచి వెళ్ళేంత దూరం. రోడ్డు తవ్విన చోట చెక్క మీద నడవాల్సి వచ్చినప్పుడు వాడు ముందు దాటి, వెనక్కి తిరిగి తల్లికి చెయ్యి అందించాడు. ఆ చెయ్యి పట్టుకుని దాటింది.

“అమ్మా, చెప్తావుగా?”

“ఏం చెప్పాలి?”

“నాన్న చెప్పిందే.”

నాలుగడుగులు వేశాక వాడే మళ్ళీ అందుకున్నాడు.

“అమ్మా, నిన్న చెప్పావే, ఆ రెండు చేతుల సంగతి. ఇంకోసారి చెప్పవా?”

“ఎందుకు?”

“ఊరికే. బాగుంది. అది అర్థమైతే మిగతాది కూడా అర్థమవుతుందేమో అని.”

కత్తెరమ్మ ఆగిపోయింది. వీడేనా అడుగుతున్నది? నడి రోడ్డు మీద నిలబడి, ఒక చేతిలో సంచీ, ఇంకో చేతిలో టిఫిన్ డబ్బా పట్టుకుని, ఒకటి చంకలో ఇరికించి, రెండోది మార్చి చూపించింది. వాడు తన నోటితో మళ్ళీ అన్నాడు. తప్పు చెప్తే దిద్దింది. మూడోసారికి తప్పు లేకుండా చెప్పాడు. అటుగా వెళ్తున్న ఒకావిడ ఈ తల్లీ కొడుకులకి ఏమైందా అన్నట్టు చూసుకుంటూ పోయింది.

అక్కడే ఆవిడ మనసు మెత్తబడింది. వీడు నేర్చుకుంటాడు. ఆలస్యంగానైనా బుర్ర విచ్చుకుంటోంది. ఇప్పుడు ఏడాది పోతే మళ్ళీ మూసుకుపోతుంది. తనకేం, ఇంకో ఏడాది కూర్చుని చదువుతుంది. అప్పటికి కంపెనీలు తన వయసు చూసి మొహం తిప్పుకుంటే, అదీ చూసుకుందాం. రాత్రంతా మింగుడుపడని మాట కాలేజీ గేటు దగ్గరికి వచ్చేసరికి గొంతు దిగింది. నేనే కాపీ కొట్టానని చెప్పేస్తాను అనుకుంది. అనుకోగానే ఏడుపొచ్చింది గానీ, కొంగుతో మొహం తుడుచుకుంది.

ముందు బుడ్డోణ్ణి పిలిచారు. కత్తెరమ్మ వరండాలో బెంచీ మీద కూర్చుంది. ఒకప్పుడు గోడౌనుగా ఉన్న ఆ కాలేజీలో కిటికీలు ఎత్తుగా ఉంటాయి. గోడ మీద అతికించిన కంపెనీ జాబితాలో తన పేరు తొమ్మిదోది, కొడుకుది ఇరవై ఆరోది. అక్కణ్ణుంచి కనబడుతూనే ఉన్నాయి. చూడకూడదనుకుంటూనే చూసింది.

పావుగంటకి వాడు బయటికి వచ్చాడు. తల్లి కళ్ళలోకి చూడలేదు. “నిన్ను రమ్మంటున్నారు,” అని పక్కకి జరిగాడు.

లోపల పరీక్షల అధికారి, పక్కన ప్రోగ్రామింగ్ చెప్పే మేడమ్ కూర్చున్నారు. మేడమ్ వయసు కత్తెరమ్మకంటే పదేళ్ళు తక్కువే ఉంటుంది. ఎప్పుడూ నవ్వుతూ పలకరించే మనిషి, ఇవాళ కాగితాలు సర్దుకుంటూ కూర్చుంది.

“రండమ్మా, కూర్చోండి. కంగారు పడకండి,” అన్నాడు అధికారి. “ఈ వయసులో చదువుకోవాలనిపించడమే గొప్ప విషయం. పొరపాట్లు ఎవరికైనా జరుగుతాయి. ఇదిగో, ఇక్కడ ఖాళీలో కాపీ కొట్టినవారి పేరు, కింద మీ సంతకం.”

సంతకం చోట పెన్సిల్‌తో అప్పటికే చిన్న గుర్తు పెట్టి ఉంది.

“సార్, నేనే...” అంటూ మొదలుపెట్టింది.

“ఒక్క నిమిషం,” మేడమ్ అడ్డొచ్చింది. “సంతకానికి ముందు నేనొక మాట అడగాలి. రెండింట్లోనూ ‘చంక’ అన్న పేరుంది. అది ఎవరి మాటో తెలిస్తే ప్రోగ్రాం ఎవరిదో తెలుస్తుందని మీ అబ్బాయిని అడిగాను. చాలా బాగా చెప్పాడు.”

“ఏం చెప్పాడు మేడమ్?”

మేడమ్ కాగితం చూసి చదివింది. “రెండు చేతుల్లో రెండు గుడ్డలున్నాయి. ఒకటి చంకలో పెట్టుకుంటే గానీ చెయ్యి ఖాళీ అవదు...”

తన మాటలే. గుడ్డలు కూడా తనవే. వాడు పుట్టి బుద్ధెరిగి ఏనాడూ రెండు గుడ్డలు పట్టుకుని మడత పెట్టినవాడు కాదు. కత్తెరమ్మ కుర్చీ అంచు పట్టుకుంది.

“ఇంకేమన్నాడు?”

“అమ్మకి ఇంగ్లీషు మాటలు బుర్రకెక్కవు, అందుకని అమ్మకి అర్థమయ్యేలా ఆ పేరు నేనే పెట్టానన్నాడు. ఎన్నిసార్లు నేర్పినా మర్చిపోతుందట. బట్టల మీద పెట్టి చెప్తే తప్ప...” మేడమ్ ఆగింది.

“చెప్పండి మేడమ్. ఇంకా ఉంది కదా.”

మేడమ్ అధికారి వైపు చూసింది. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు.

“మిమ్మల్ని అడిగితే నేనే రాశానని చెప్పొచ్చు, నమ్మొద్దన్నాడు. మీకు పరువు ఎక్కువట.”

కత్తెరమ్మకి ముందు కోపం రాలేదు. ముందు చెప్పలేనంత ఆశ్చర్యమేసింది. ఇవ్వడానికే కదా వచ్చింది! ఏడాది ఇద్దామనుకుంది, ఉద్యోగం ఇద్దామనుకుంది, నోటిదాకా వచ్చిన మాట ఆ మేడమ్ ఆపకపోతే ఈపాటికి ఇచ్చేసి ఉండేది. ఇవ్వడానికి చేత్తో పట్టుకొచ్చినదాన్ని వాడు దొంగిలించాడు. అది చాలక, తను నిజం చెప్పినా ఎవరూ నమ్మకుండా ముందే దారి మూసేసి వెళ్ళాడు. దారిలో చెయ్యి అందించింది ఇందుకా? ఇంకోసారి చెప్పవా అని ముద్దుగా అడిగింది ఇందుకా? అప్పుడొచ్చింది కోపం.

“కాగితం ఇటివ్వండి సార్.”

కలం తీసుకుని, కాపీ కొట్టినవారి పేరు దగ్గర కొడుకు పేరు రాసింది, ఇంటిపేరుతో సహా. పెన్సిల్ గుర్తు పక్కన సంతకం పెట్టింది. చెయ్యి వణకలేదు.

అధికారి కాగితం తిప్పి చూసి ఉలిక్కిపడ్డాడు. “ఏమ్మా, ఇదేంటి? ఇది అబ్బాయి భవిష్యత్తు. ఆలోచించే రాశారా?”

“నాదేంటి సార్ మరి?”

“అది కాదమ్మా. మీరు ఒకటంటున్నారు, అబ్బాయి ఒకటంటున్నాడు. మేం ఎవర్ని నమ్మాలి?”

“నన్ను నమ్మొద్దు సార్. వాణ్ణీ నమ్మొద్దు. ఆ ప్రోగ్రాంలో నలభై లైన్లున్నాయి. వాడు నన్నడిగి నేర్చుకుంది చంక ఒక్కటే, అదీ పొద్దున దారిలో. మిగతావి ఒక్కోటీ ఎందుకున్నాయో చెప్పమనండి. మా ఇద్దర్లో ఎవరు చెప్పగలిగితే వాళ్ళది. నన్ను కూడా అడగండి. నేను రాసిందే అయినా, ఒక్కటి చెప్పలేకపోతే ఇంకో కాగితం మీద సంతకం పెట్టి వెళ్ళిపోతా.”

అధికారి ఏదో అనబోయాడు. మేడమ్ ఈసారి ఆయనకి అవకాశం ఇవ్వలేదు. ప్రోగ్రాం ఉన్న కాగితం తీసి కత్తెరమ్మ ముందు పెట్టి, పదమూడో లైను మీద వేలు పెట్టింది. కత్తెరమ్మ చెప్పింది. ఇరవై రెండోది అడిగింది. అదీ చెప్పింది. ముప్పై ఒకటోది రాసేటప్పుడు తను ముందు ఏం తప్పు చేసిందో, ఎలా దిద్దుకుందో కూడా చెప్పింది. అధికారి కళ్ళజోడు పెట్టుకుని వినడం మొదలుపెట్టాడు.

“చాలమ్మా,” అన్నాడు చివరికి. “బయట కూర్చోండి. అబ్బాయిని పిలుస్తాం.”

తలుపు తీసుకుని వరండాలోకి వచ్చింది. బుడ్డోడు చటుక్కున లేచాడు.

“చెప్పావా అమ్మా?”

“చెప్పాను.”

“సంతకం?”

“పెట్టాను.”

వాడు ఊపిరి వదిలాడు. ఆవిడ రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. ఎన్నేళ్ళైందో వాడు అలా చేసి. “అమ్మా, నీ రుణం ఉంచుకోను. ఉద్యోగంలో చేరగానే నిన్ను ఇంట్లో కాలు మీద కాలేసుకుని కూర్చోబెడతా, చూడు.” వాడి కళ్ళలో నిజంగానే నీళ్ళున్నాయి. ఒరే, లోపలికి వెళ్ళకముందే పారిపోరా అని అరవాలనిపించింది. అరవలేదు.

“మిమ్మల్నోసారి రమ్మంటున్నారు,” అంది మేడమ్ తలుపు దగ్గర నిలబడి, వాడితో.

“నా సంతకం కూడా కావాలేమో,” అన్నాడు వాడు తల్లితో నవ్వుతూ. కాలరు సర్దుకుని, తల వంచి లోపలికి వెళ్ళాడు. తలుపు మూసుకుంది.

సంచీలో ఫోను మోగింది. బస్సాయన. డిపోలో ట్రిప్పుకీ ట్రిప్పుకీ మధ్య దొరికిన ఐదు నిమిషాల్లో చేసినట్టున్నాడు, వెనక ఇంజన్లు గోల పెడుతున్నాయి.

“ఏమైందే? పెట్టావా సంతకం?”

“పెట్టానండీ.”

“హమ్మయ్య! నాకు తెలుసు. నిన్న ఏదో అన్నానని మనసులో పెట్టుకోకు. తల్లివనిపించుకున్నావు.”

ఆవిడ ఏమీ అనలేదు. ఆయన దాన్ని కూడా ఎప్పటిలాగే లెక్కేసుకున్నాడు.

“వాడేడి? ఓసారి ఫోనివ్వు.”

“లోపలికి పిలిచారు.”

“మళ్ళీ ఎందుకు? భయపడుతున్నాడేమిటి?”

కత్తెరమ్మ మూసిన తలుపు వైపు చూసింది. లోపలి నుంచి మేడమ్ గొంతు సన్నగా వినబడుతోంది. వాడి గొంతు మాత్రం వినబడటం లేదు.

“లేదండీ,” అంది. “నవ్వుకుంటూ వెళ్ళాడు.”